ఖరగపూరు క్వార్టర్ల పెరటిలో తేనెపెట్టె



వసంతమనగానే మన కవులకు తుమ్మెద జ్ఞప్తికి వచ్చును, తేనెటీగ రాదు. ప్రబంధములలో పూవున్న చోటనెల్ల తుమ్మెద ఝంకారమున్నది. నిజమునకు ఆ నల్లని తుమ్మెద వెదురుబొంగులోనో ఇంటి దూలములోనో బెజ్జము తొలిచి, తన పిల్లలకు చాలునంత పుప్పొడి ముద్ద అందు పెట్టి, తన దారిని తాను పోవును. దానికి కొట్టు లేదు, నిలువ లేదు, పదిమందితో కూడిన సంసారము లేదు. వేల సంఖ్యలో ఒక్క కప్పు క్రింద బ్రతుకుచు, పూచిన దినములలో కూర్చుకొని పూయని దినములలో తినుచుండు తేనెటీగను మాత్రము మనవారు లోభికి పోలిక చెప్పుటకే ఎక్కువగా పిలిచిరి. అది కూర్చినది దారినపోవువాని పాలగునని వేమన యోగి ఎత్తిపొడిచెను. ఆ పోలికలో కొంత అన్యాయమున్నదని పెట్టె తెరచి చూచిన వాడెవడైనను ఒప్పుకొనును. వసంతమున పూవులకు తిరుగు ఈగ ఆరు వారముల కంటె ఎక్కువ బ్రతుకుట అరుదు. అది తెచ్చిన తేనెను వానకాలమున తినునవి దాని తరువాతి తరములే.

తేనెను గూర్చిన ప్రాచీనమైన ఫిర్యాదు ఒకటి సుందరకాండలో నున్నది. సీతమ్మ జాడ తెలిసిన సంతోషమున వానరులు సుగ్రీవుని మధువనములో జొరబడి తేనె త్రావి చెట్లు విరిచిరి. కావలియైన దధిముఖుడు పోయి రాజునకు మొరపెట్టుకొనెను. రాజు నేరమును విచారణకు పెట్టక, కార్యము సఫలము కానిచో వీరింత తెగింపరని గ్రహించి పొంగిపోయెను. ఫిర్యాదు చేసినవాని సంగతి అంతటితో సరి. కచేరీలలో పనిచేయువారికి ఇందలి రుచి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఖరగపూరు వంటి ఊరిలో తేనెటీగల ముచ్చట ఏమని కొందరికి తోచవచ్చును. ఊరి పేరు చెప్పగానే కార్ఖానా, షంటింగు ఇంజనుల కూత, 2013లో గోరఖ్‌పూరు మించువరకు లోకములోకెల్ల పొడవైనదని చెప్పుకొనిన 1072 మీటర్ల ప్లాటుఫారము మనస్సునకు వచ్చును గాని పూలు రావు. కాని బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఈ ఎర్ర మొరపనేల మీద కూడలిని, కార్ఖానాను కట్టినప్పుడు వానితోపాటు మైళ్ళకొలది చెట్లనీడ బాటలను, పెరడుగల క్వార్టర్లను కూడ ఏర్పరచిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి కార్ఖానా పనికి వచ్చిన తెలుగు కుటుంబములు ఆ పెరళ్ళలో మునగను, కరివేపను, వేపను, మామిడిని నాటుకొనిరి. ఊరికి పడమట, ఉత్తరమున సాలవృక్షముల అడవులు మొదలగును. హిజ్లీ వైపున 1951లో వెలసిన సాంకేతిక విద్యాలయపు ఆవరణము సగము తోటవలె నుండును. ఇనుమును గూర్చి వినిపించు ఊరు తేనెటీగకు మంచి మేత గల ఊరని దీనినిబట్టి తెలియును.

ఇచ్చట ఈగ పేరును కూడ నాలుగు విధములుగా వినవచ్చును. వంగవారు మౌమాఛి యందురు. ఉత్కళులు మహుమాఛి యందురు. హిందీవారు మధుమక్ఖి యందురు. అన్నిటను మధు శబ్దమే దాగియున్నది. మనదొక్కటే తేనె, అది తమిళుల తేనునకు, కన్నడిగుల జేనునకు తోబుట్టువు. ఒకే క్వార్టర్ల వరుసలో ఈ నాలుగు మాటలును ఒకే ఈగను జూచి పలుకబడును. ఆ మాటల వెనుకనే నాలుగు భాషలలో భయమును పలుకబడును. ఆ భయమును గూర్చి తరువాత చెప్పవలసియున్నది.

పెట్టెలో పెంచదగినది మన దేశపు ఈగయే. చెట్టుతొర్రలలో, గోడసందులలో, పాత మీటరుపెట్టెలలో చీకటిచోటు చూచుకొని, ఒకదాని ప్రక్క నొకటిగా పలు పట్టులు కట్టునది ఇది. నీటి తొట్టెల క్రింద, ఎత్తైన మేడల చూరులకు చేటలంత ఒంటి పట్టు వ్రేలాడగట్టు పెద్ద ఈగ వేరు. దానికి పెట్టె సరిపడదు, కోపము మెండు, ఋతువు మారగానే వలస పోవును. పొదలలో అరచేయంత పట్టు కట్టు చిన్న ఈగయు పెట్టెకు రాదు. సీమఈగ యని మనవారనునది 1962 మొదలుగా నాటి పంజాబులోని నగరోటా ప్రాంతమున స్థిరపడి, తరువాత దేశమెల్ల వ్యాపించినది. అది తేనె ఎక్కువ ఇచ్చును గాని మేతకొరకు లారీలలో ఊరూరు త్రిప్పవలసియుండును, వ్యాపారమునకు తగినది. ఆదివారము ఒక గంట తీరిక దొరకు ఉద్యోగికి మన ఈగ చాలును.

ఈ విద్యకు సర్కారు ఉద్యోగులతో పాత చుట్టరికమే కలదు. కదలు చట్రముల పెట్టెలో ఈగలను పెంచు ప్రయత్నము మన దేశమున 1880 తరువాతి సంవత్సరములలో మొదట వంగదేశముననే జరిగెను. తంతితపాలాశాఖలో పనిచేసిన డగ్లస్ అను దొర దీనికి పూనుకొని, 1884లో భారతదేశపు ఈగల పెంపకమును గూర్చి ఒక చేపుస్తకమును వ్రాసెను. ఆ ప్రయత్నము బాగుగా నాటుకొనలేదు. మన ఈగ ఒడ్డునకు తగినట్లు పెట్టెను చిన్నది చేసి, తిరుచిరాపల్లి ప్రాంతమున 1911 మొదలు 1917 వరకు జనులకు నేర్పినవాడు న్యూటన్ పాదిరి. దక్షిణదేశమున ఆ పెట్టెకు నేటికిని ఆయన పేరే.

పెట్టెలో గొప్ప రహస్యమేదియు లేదు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మరియొక పాదిరి ఒక చిన్న సంగతిని కనిపెట్టెను. పట్టునకును గోడకును నడుమ అంగుళములో మూడెనిమిదవ వంతు సందు విడిచినచో ఈగలు దానిని నడకదారిగా నుంచుకొనును. అంతకంటె ఎక్కువైన అందు పట్టు కట్టును, తక్కువైన జిగురుతో పూడ్చును. మన ఈగకు ఆ సందు మరికొంచెము ఇరుకు. ఈ కొలత తెలిసిన తరువాతనే చట్రములను పుస్తకపు పుటలవలె పైకి తీసి చూచి మరల దించుట సాధ్యమైనది. అంతకుముందు తేనె కావలెనన్న గూడు చెరుపవలసినదే, పిల్లలను పిండవలసినదే.

సీమ పుస్తకములలో వసంతకాలపు పని యనగా మంచు కరగుట, మూత యెత్తి ఈగలు బ్రతికియున్నవా లేదా యని చూచుట. ఆ పుస్తకములను నమ్మి ఖరగపూరులో పెట్టె పెట్టినవాడు మొదటి యేడే మోసపోవును. ఇచ్చట పుష్యమాసమున ఆవచేలు పసుపుపచ్చగా పూచియుండగనే ఈగలు పనిలో నుండును. మాఘమున మామిడి, మునగ, ఫాల్గుణమున నేరేడు, వనములలో సాలము, చైత్రమున వేప, పిమ్మట కానుగ, చింత, బంగాళాదుంప త్రవ్విన చేలలో చల్లిన నువ్వు. మోదుగయు బూరుగయు ఎర్రగా పూచి కంటికి వసంతమంతయు తామేయన్నట్లు కనిపించును గాని మోదుగకు ముఖ్యమైన చుట్టములు పక్షులు. చుట్టుపట్ల సంతాలీ గ్రామములవారు బాహా పండుగ చేసి, సాలపు పూలను దైవమునకు అర్పించిన తరువాతనే ఆ యేటి కొత్త పూలను తలలో తురుముకొందురు. ఈగలకు అట్టి నియమము లేదు. మన ఆడువారు ఉగాది పచ్చడికై వేపపూత దులుపు వేళకు అదే కొమ్మమీద అవియును ఉండును.

కావున ఇచ్చటి పెంపకందారుకు వసంతమున రాగల చిక్కు ఆకలి కాదు, ఇరుకు. మాఘమునుండి పుప్పొడి రాబడి హెచ్చగానే రాణి ఈగ దినమునకు వందలకొలది గ్రుడ్లు పెట్టును. మూడు వారములలో అవి రెక్కలు వచ్చి గదులు విడుచును. ఫాల్గుణము నడుమకు పెట్టెలో కాలు పెట్ట సందుండదు. అప్పుడు అవి కాపురము రెండు చేయదలచును. పాత రాణి సగము జనముతో లేచిపోవును. కొత్త రాణికి ఇల్లు విడుచును. పెంపకందారు ఏమరినచో ఒక ఆదివారము ప్రొద్దున పది గంటలకు సగము పెట్టె గాలిలో మేఘమువలె తిరిగి, రెండు వీధుల అవతల ఎవరి మామిడిచెట్టుననో వ్రాలును.

దీనికి ముందు గుర్తులు కలవు. మొదట పోతు ఈగల గదులు కనబడును. మన ఈగల విషయమున వాని మైనపు మూతకు నడుమ సూదిమొన పట్టునంత చిల్లి యుండుట ఒక వింత. సీమఈగకు అది లేదు. తరువాత పట్టు దిగువ అంచున వేరుసెనగ కాయవలె వ్రేలాడు రాణిగదులు పుట్టును. వారమునకొకసారి తప్పక చూడవలెనని పెద్దలు చెప్పుటకు కారణమిదే. రాణిగదిలో గ్రుడ్డు మూడు దినములు, పురుగు సుమారైదు దినములు ఉండి, ఎనిమిదవ దినము ప్రాంతమున మూత పడును; మూత పడిన పిదపనే సామాన్యముగా గుంపు లేచును. పోయిన ఆదివారము చూచి వచ్చిన మరుక్షణమున రాణిగదిలో గ్రుడ్డు పడినను, ఈ ఆదివారము నాటికి దానికి మూత పడియుండదు. ఒక్క ఆదివారము సినిమాకు పోయినచో ఈ లెక్క చెడును.

తెరచుటకు మంచి వేళ ఎండ ఎక్కిన పూట, ముసలి ఈగలు పూలకు పోయినప్పుడు. కొబ్బరిపీచు, పాత గోనె ముక్క కాల్చి చల్లని పొగ రెండు మూడు మారులు ద్వారమున ఊది, నిమిషమాగి మూత ఎత్తవలెను. పొగకు ఈగలు ఇల్లు కాలుచున్నదని తలచి కడుపునిండ తేనె త్రావి బరువెక్కును. అంతేకాక వాని హెచ్చరిక వాసన పొగలో మరుగుపడును. ఆ హెచ్చరిక వాసన అరటిపండు వాసనను పోలియుండును. అరటిపండు తిని వెంటనే పెట్టె దగ్గరకు పోరాదను మాట మూఢనమ్మకము కాదు. కుట్టినచో ముల్లును గీరియైనను పీకియైనను వెంటనే తీసివేయవలెను. ఆలసించినకొలది దాని తిత్తిలోని విషము ఇంకను లోపలికి పోవును. కొందరి ఒంటికి ఒక్క కాటైనను ఊపిరాడని ప్రమాదము తెచ్చును. అట్టివారు గృహవైద్యముతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి పోవలసినదే.

చట్రమును ఎండకెత్తి చూచుట ఈ విద్యలో అందరికిని ఇష్టమైన ఘట్టము. నడుమ గోధుమరంగు మూతలతో పిల్లలు, చుట్టును పసుపు, నారింజ, బూడిదరంగుల పుప్పొడి అరలు, పై మూలలందు తెల్లని మూతల తేనె. ఏ రంగు పుప్పొడి ఏ చెట్టుదో ఒకటి రెండేండ్లకు కన్ను గుర్తించును. ఒక్కొక్కమారు గుంపునడుమ ఒక ఈగ కడుపును ఆడించుచు తిన్నగా కొంతదూరము పరుగెత్తి, తిరిగి వచ్చి, మరల పరుగెత్తుట కనబడును. ఆ పరుగు నిలువుగీతకు ఎంత వంకరగా నున్నదో పూలచోటు సూర్యునకు అంత వంకరగా నున్నదని, పరుగు ఎంతసేపు సాగునో అంత దూరమని ఆస్ట్రియా దేశస్థుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్ చదివి చెప్పెను. 1973లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. దిక్కును, దూరమును చీకటిలో తప్పులేక తెలుపు ఈ టైముటేబులు రైల్వే ఊరివారికి ముచ్చట గొల్పక మానదు.

రాణిగది కనబడినచో గిల్లివేయువారు కలరు. అది ఉపాయము కాదు. వారము తిరుగకముందే మరల కట్టును. అవి కోరినదానిని మనమే ముందుగా చేసి పెట్టుట మేలు. పాత రాణి ఉన్న చట్రమును, పిల్లలు తేనె గల మరి రెండు చట్రములను తీసి కొత్త పెట్టెలో పెట్టవలెను. పాత పెట్టెలో మంచి రాణిగది నొకదానిని మాత్రము మిగుల్చవలెను. కొత్త రాణి పుట్టి, ఆకాశమున పెండ్లియాడి వచ్చి గ్రుడ్లు పెట్టుటకు రెండు మూడు వారములు పట్టును. ఆ వారములలో మునగచెట్టు తంతితీగల మీద కూర్చుండు పసరిక పిట్టను, పసులపోలిగానిని చూచిన పెంపకందారుకు గుండె జారును. ఈగ ఒకటి పోయిన లెక్క కాదు. పెండ్లికి పోయిన రాణి పిట్ట నోట పడినచో పెట్టెయే పోవును.

లేచిన గుంపు కొమ్మకు గుత్తివలె వ్రేలాడునప్పుడు మిక్కిలి సాధువుగా నుండునని చాలమందికి తెలియదు. కడుపునిండ తేనె త్రాగియున్నవి. కాపాడుకొనుటకు ఇల్లు లేదు, పిల్లలు లేరు. కొన్ని ఈగలు ముందుగా పోయి తొర్రలు వెదకి వచ్చి, గుత్తి మీదనే నాట్యమాడి తాము చూచిన చోటును చెప్పుకొనును. అన్నియు ఒక చోటికి ఒప్పుకొన్న తరువాత గుంపు కదలును. వలసపోవు కుటుంబములలో ముందొకడు పోయి చూచి జాబు వ్రాసిన తరువాత తక్కినవారు బయలుదేరుట వంటిదే యిది. ఈ నడిమి గంటలలో నీళ్ళు చిలికి, క్రింద గంప పట్టి, కొమ్మను ఒక్క ఊపు ఊపినచో గుంపు గంపలో పడును. సాయంకాలము పెట్టెలో దింపవచ్చును.

కాని ఆ గంటలలోనే వీధి పిల్లలు రాళ్ళు రువ్వుదురు. పెద్దలలో ఎవరో కిరసనాయిలు గుడ్డ చుట్టిన గడకర్రను సిద్ధపరచుదురు. మేడల మీది పెద్ద ఈగ పట్టులకు కూడ ఇదే మర్యాద జరుగును. నిప్పు పెట్టినవారు పారిపోవుదురు, మిగిలిన ఈగలు దారినపోవు అమాయకుని మీద పడును. పెద్ద ఈగ పట్టు జోలికి పోకున్న అది ఋతువు మారినంతనే తానే పోవును. తప్పనిసరియైన యెడల తెలిసినవారిని పిలిచి రాత్రివేళ పొగతో తరుమవచ్చును. ఈ మాటను పొరుగువారు నమ్మునట్లు చెప్పుట పెట్టె పెంచుటకంటె కష్టము.

పొరుగువారి ఫిర్యాదులలో న్యాయమైనది నీటిని గూర్చినది. ఎండ ముదిరిన కొలది ఈగలు నీటికొరకు పోయి, ప్రక్కింటి కుళాయి చెమ్మను మరగును. అచ్చట గిన్నెలు తోముకొను ఇల్లాలికి కుట్టును. ఒకసారి మరగిన చోటిని అవి సులభముగా మానవు. కావున వేసవి రాకమునుపే, ఫాల్గుణముననే, పెట్టె ప్రక్కన మూకుడులో గులకరాళ్ళు వేసి నీరుపోసి, ఒక్క దినమైనను ఎండనీయరాదు. ద్వారమును మనుష్యులు నడచు బాట వైపునకు పెట్టరాదు. ఎదుట ఒక కంచె యున్నచో ఈగలు తలలకు పైనుండి ఎగిరిపోవును. ఏటికొక చిన్న సీసా తేనె ప్రక్కింటికి పంపుటయు శాస్త్రములో చెప్పని ముఖ్యమైన విధి.

చైత్రము దాటిన తరువాత ఎండ నలుబది డిగ్రీలు మించును. మధ్యాహ్నము ద్వారమువద్ద ఈగలు బారులు తీరి రెక్కలతో విసరుచుండును. మన ఈగలు తల వెలుపలికి పెట్టి గాలిని లోనికి తోయును. సీమఈగలు తల లోపలికి పెట్టి గాలిని బయటికి లాగును. పద్ధతులు రెండు, చల్లదన మొకటే. పెట్టె మీద తడిగోనె వేయుటయు, మామిడినీడను పెట్టుటయు మన వంతు. ఇంతలో ఒక సాయంకాలము వాయవ్యమునుండి నల్లగా కాలబైశాఖి వచ్చును. ఆ గాలివాన పావుగంటలో రేకులను ఎగురగొట్టును, కొమ్మలను విరుచును. పెట్టెను గుంజకు త్రాటితో కట్టి, మూత మీద రెండు ఇటుకలు పెట్టనివాడు మరునాడు ప్రొద్దున బురదలో పడిన పట్టులను, చీమలు పట్టిన పిల్లలను ఏరుకొనవలసియుండును. చీమల కొరకు స్టాండు కాళ్ళ క్రింద నీటి గిన్నెలుండుట మామూలే. వాన పడి ఆ గిన్నెలలో మట్టి నిండినప్పుడు చీమలకు అదే వంతెన.

తేనె తీయునది చట్రములో ముప్పాతిక వంతునకు మూత పడిన తరువాతనే. మకరందములో అధికభాగము నీరే. ఈగలు దానిని విసరి విసరి అయిదవ వంతు నీటికి దించి, అప్పుడు మైనము మూయును. మూతపడని తేనె పులియును. మూతలను వేడికత్తితో చెక్కి, చట్రములను డోలులో పెట్టి త్రిప్పినచో తేనె చిమ్మి బయటికి వచ్చును, పట్టు చెడదు. 1865లో హ్రుష్కా అను సైనికాధికారి ఈ యంత్రమును లోకమునకు చూపెను. పై గదిలోనిది మాత్రమే మనది. క్రింది గదిలోనిది వానకాలమున ఈగల భోజనము. మన ఈగ పెట్టెకు ఏటికి 5 మొదలు 10 కిలోల వరకు వచ్చిన తృప్తిపడవలెను. శ్రీరామనవమి పంచామృతమునకు ఇంటి తేనె పోయగల్గుట చాలమందికి ఆ పది కిలోలకంటె పెద్ద లాభము. ఒక్క మాట: పసిబిడ్డ నాలుకకు తేనె నాకించుట మన ఇండ్లలో పాత ఆచారము. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదని నేటి వైద్యులు గట్టిగా చెప్పుచున్నారు; అందుండగల సూక్ష్మజీవి బీజములు పసికడుపులో విషము పుట్టింపగలవు.

రోగములలో భయంకరమైనది పిల్లలను సంచివలె మార్చు వైరసు. 1991, 1992 సంవత్సరములలో అది దక్షిణదేశమున వ్యాపించి మన ఈగల పెట్టెలలో అత్యధికభాగమును తుడిచివేసినది. దానికి మందు లేదు. చచ్చిన పురుగు దోనెవలె తల పైకెత్తి గదిలో పడియుండును; అట్టి చట్రమును తీసి కాల్చుట, పెట్టెను బలముగా నుంచుట తప్ప చేయగలది లేదు. దోమల మందు పొగ వీధిలో కొట్టు సాయంకాలము ముందుగా తెలిసినచో ఆ గంటసేపు ద్వారమునకు జల్లెడ బిగింపవచ్చును.

ఇంతవరకు చెప్పిన దానిలో నేర్చుకొని చేయలేనిదేదియు లేదు. క్వార్టరులో నుండువానికి ప్రత్యేకముగా వచ్చు కష్టమొకటి వేరే యున్నది. క్వార్టరు తనది కాదు. ముప్పది యేండ్లు కార్ఖానాలో పనిచేసి, అందులో పదియేండ్లు పెరటి మునగచెట్టు క్రింద పెట్టె పెట్టుకొన్న ఫిట్టరు నొకనిని ఊహించుకొనుడు. చైత్రమాసపు చివర ఉద్యోగవిరమణ. తోటివారు పూలదండ వేయుదురు, గడియారమిత్తురు. ఆ వారములోనే పై గది తేనెతో నిండియుండును. క్రింద పిల్లలు వేలు. క్వార్టరు విడుచుటకు గడువు కొన్ని నెలలే. మంచము, బీరువా, తులసికోట లెక్కలోనికి వచ్చును. పెట్టెను లారీలో శ్రీకాకుళము వరకు ఎండలో కుదిపి తీసికొనిపోవ వీలు కాదు. కొత్త పట్టు మైనము వేడికి మెత్తబడి తెగిపడును. ఏమి చేయవలెను?

వెనుక వీధిలోని వంగ కుటుంబపు పిల్లవాడు నాలుగేండ్లుగా ప్రతి ఆదివారము వచ్చి పొగడబ్బా పట్టుకొనుచుండెననుకొందము. "కాకూ, నాకిచ్చి పొండి" అని యాతడడుగును. ఇచ్చుట సులభమే, చేర్చుటయే కష్టము. నూరు గజముల దూరమునకు పెట్టెను మార్చినచో, మరునాడు ప్రొద్దున పూలకు పోయిన ఈగలు పెట్టె వద్దకు రావు. పాత పెరటికే వచ్చును. వానికి తెలిసినది చోటు గాని పెట్టె గాదు. సాయంకాలము వరకు ఆ ఖాళీచోటున తిరిగి తిరిగి, స్టాండు గుర్తుల మీద, గోడ మీద గుంపుగా వ్రాలి, చలికి చీమకు చచ్చును. దినమునకొక అడుగు చొప్పున జరుపవచ్చును. నూరు గజములకు ఆ లెక్కన మూడువందల దినములు కావలెను, నడుమ గోడలు, మురుగుకాలువ ఉండనే ఉన్నవి.

కావున తెలిసినవారు చుట్టుదారిని పోవుదురు. ఒక రాత్రి ద్వారమునకు తీగజల్లెడ బిగించి, చట్రములు కదలకుండ మేకు లొత్తి, రిక్షాబండిలో గడ్డి పరచి దానిమీద పెట్టెను పెట్టి, మన ఈగ తిరుగు ఎల్లకు అవతల, మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున సాలవనము దగ్గర తెలిసినవారి పెరటికి చేర్చుదురు. తెలిసిన గుర్తొక్కటియు లేని చోట ఈగలు మరునాడు ద్వారము ఎదుట ముఖము పెట్టెవైపు త్రిప్పి, అటునిటు ఊగి, చిన్న సుడులు తిరిగి చోటును కొత్తగా చదువుకొనును. మూడు నాలుగు వారములకు పాత పెరడు ఎరిగిన ఈగలలో అధికభాగము ఆయువు తీరి పోవును, మిగిలినవి మరచును. అప్పుడు మరియొక రాత్రి పెట్టెను తెచ్చి వంగ పిల్లవాని పెరటిలో దింపవచ్చును. నడుమ కాలబైశాఖి రాకుండిన చాలును.

మొదటి రాత్రి పెట్టె పోయిన తరువాత, పొద్దుపోయి చేరక బయట పూవు మీదనే రాత్రి గడపిన ఈగలు కొన్ని ఉండును. మరునాడు అవి పాత చోటికి వచ్చి వెదకును. వానికొరకు ఆ ఫిట్టరు ఒక చిన్న పెట్టెలో పాత పట్టుముక్క నొకదానిని పెట్టి అదే స్టాండు మీద ఉంచును. సాయంకాలమునకు నలుబదో ఏబదియో అందు చేరును. ఇంటిలో సామానులకు గోనెపట్టలు కుట్టుచుండగా ఆతడు ఆ చిన్న పెట్టె ద్వారమును గుడ్డతో మూసి, సైకిలు కమ్మీకి కట్టుకొని, చీకటిపడిన తరువాత సాలవనము వైపు బయలుదేరును.